చలిరాత్రిలో సముద్ర తీరానికి సైకిలు యాత్ర

ఉత్తర హిందూస్థానంలో కొంతకాలం గడిపి వచ్చిన మిత్రులు మన కోస్తా చలిని చలిగా అంగీకరించరు. విజయవాడలో జనవరి మాసపు రాత్రులలో ఉష్ణోగ్రత సాధారణంగా 18 డిగ్రీల సెంటీగ్రేడు దాపుల్లో ఉంటుంది. లక్నోలో చదివి వచ్చిన మా ఉర్దూ అధ్యాపకులు ఈ మాట వింటే చిరునవ్వు నవ్వి, "అక్కడ కొన్ని రోజులు మిట్టమధ్యాహ్నానికి కూడా అంత వేడి ఉండదండీ" అంటారు. ఆ చిరునవ్వు 2026 జనవరి 3వ తేదీ, శనివారం రాత్రి, ఉయ్యూరు చేరేవరకే నిలిచింది.

ఆ రాత్రి పుష్య పౌర్ణమి. పద్నాలుగురు విద్యార్థులు, ముగ్గురు అధ్యాపకులు, మొత్తం పదిహేడుగురం సైకిళ్లపై విజయవాడలో బయలుదేరి, బందరు మీదుగా మంగినపూడి సముద్ర తీరం వరకు సుమారు 80 కిలోమీటర్లు ప్రయాణించాము. యాత్రను వర్ణించటం ఈ వ్యాసానికి ప్రధానోద్దేశం కాదు. ఇంట్లో దుప్పటి కప్పుకుంటే తీరిపోయే పాటి చలి సైకిలు మీద వెళ్లేవానిని ఎందుకు గడగడలాడిస్తుంది, దానికి ఏమి చేయాలి, వేర్వేరు బలాలు గల పదిహేడుగురు చీకటిలో విడిపోకుండా ఎలా వెళ్లాలి అన్న విషయాలను వివరించటమే మా సంకల్పం. అనుమతి ఇచ్చే సమయంలో కళాశాల కమిటీ పెద్దలు, "ఏమి చేశారో, ఎందుకు చేశారో ముందు ముందు వెళ్లేవారి కోసం వ్రాసి పెట్టండి" అని కోరారు. ఆ మాట ప్రకారమే ఇది వ్రాస్తున్నాము.

అనుమతి సులభంగా రాలేదు. రాకపోవటమే న్యాయం కూడా. 2025 జనవరిలో మేము ఇదే దారిలో తొమ్మిదిమందితో ఒక ప్రయత్నం చేశాము. నియమాలంటూ ఏవీ పెట్టుకోలేదు. దారి ఒక్కటే, తిన్నగా పోతే సముద్రం, ఇందులో చెప్పుకోవలసినది ఏముందనుకున్నాము. కాళ్లలో సత్తువ ఉన్న నలుగురు ముందుకు దూసుకుపోయారు. మేము నడుమ వెళ్తూ, వెనుకవారు వస్తూనే ఉంటారని నమ్మాము. పామర్రు దాటిన తరువాత ఇంటర్ రెండవ సంవత్సరం విద్యార్థి ఒకడి సైకిలు చైను తెగింది. అతడు అందరికంటే వెనుక ఉన్నాడు. పిలిచాడట, ఎవరికీ వినబడలేదు. చేతిలోని ఫోను చార్జింగు అయిపోయింది. ఎనిమిది కిలోమీటర్లు ఆ మంచులో సైకిలును నెట్టుకుంటూ ఒంటరిగా నడిచాడు. మేము బందరులో తలలు లెక్కపెట్టుకున్నప్పుడు గాని ఒకడు తగ్గాడని తెలియలేదు. వెనుకకు వెళ్లి కలుసుకొనేసరికి, ఒక లారీ పక్కగా రాసుకుపోయినంత దగ్గరగా పోయిందని చెబుతూ ఆ బాలుడు వణికిన వణుకు చలి వల్ల కలిగింది మాత్రమే కాదు. వారం రోజులు జ్వరంతో మంచం పట్టాడు. తండ్రి కళాశాలకు వచ్చాడు. ఆయన గొంతు పెంచి ఒక్క మాట కూడా అనలేదు. "మీరు ఉన్నారు కదా అని పంపాను సార్" అన్నాడు, అంతే. ఆ తప్పు పూర్తిగా మాది. ఈ వ్యాసంలో చెప్పబోయే నియమాలన్నింటికీ మూలం ఆ ఒక్క మాట.

మొదట చలి సంగతి చూద్దాము.

మన శరీరం ఒక విధమైన పొయ్యి వంటిది. పని చేసే కండరం తాను ఖర్చు చేసే శక్తిలో నాలుగవ వంతును, ఒక్కొక్కప్పుడు అంతకంటే తక్కువను మాత్రమే పెడలు తిప్పటానికి ఉపయోగించగలుగుతుంది. మిగిలినదంతా వేడిగా మారుతుంది. కదలక కూర్చున్న మనిషి దేహం సుమారు వంద వాట్ల బల్బు ఇచ్చేంత వేడిని ఇస్తుంది. మామూలు సైకిలుపై తీరికగా వెళ్లేవాని దేహం దానికి రెండు మూడు రెట్లు ఇస్తుంది. కాబట్టి తొక్కుతున్నంతసేపూ చలి బాధ అంతగా ఉండదు. పైగా చెమట పడుతుంది. చిక్కు అంతా ఆ చెమట దగ్గరే వస్తుంది.

ఒక గ్రాము చెమట ఆవిరి కావటానికి సుమారు 580 కాలరీల వేడి కావాలి. ఆ వేడిని అది మన చర్మం నుండే తీసుకుంటుంది. వేసవిలో ఇది వరం. శీతకాలపు రాత్రిలో, తొక్కటం ఆపిన మరుక్షణం నుండి ఇదే శాపమవుతుంది. పొయ్యి ఆరిపోయింది, తడిసిన చొక్కా మాత్రం వేడిని లాగుతూనే ఉంది. అందువల్లనే సైకిలు యాత్రికుడు దారిలో వణకడు, విశ్రాంతి కోసం ఆగినప్పుడు వణకుతాడు. ఆగిన వెంటనే కాదు, ఏడెనిమిది నిమిషాల తరువాత. ఇది తెలియక చాలామంది టీ దుకాణం ముందు చొక్కా గుండీలు విప్పి, "అబ్బ, ఉక్కగా ఉంది" అంటూ కూర్చుంటారు. పావుగంట తరువాత వారి పళ్లు టకటక కొట్టుకుంటూ ఉంటాయి.

గాలి ప్రభావం మరొకటి. గాలి ఆడని చోట మన చర్మాన్ని అంటుకొని వెచ్చని పలుచని గాలిపొర ఒకటి నిలిచి ఉంటుంది. అది కంటికి కనిపించని దుప్పటి. గంటకు 13 లేక 14 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్నవాడు, గాలి లేని రాత్రిలో కూడా, అంత వేగం గల గాలికి ఎదురుగా నిలబడినవానితో సమానమే. ఆ గాలిపొర ఎప్పటికప్పుడు కొట్టుకుపోతుంది. కాళ్లు పని చేస్తున్నాయి గనుక వెచ్చగా ఉంటాయి. చేతివేళ్లు, చెవులు, పాదాల కొసలు ఏ పనీ చేయవు. అంతేకాక గుండె, ఊపిరితిత్తులు ఉన్న నడిమి భాగాన్ని వెచ్చగా కాపాడుకోవటానికి శరీరం ఆ కొసల రక్తనాళాలను కుదించి వేస్తుంది. వేళ్లు మొద్దుబారితే అది కేవలం అసౌకర్యం అనుకోరాదు. బ్రేకు పట్టవలసిన వేళ్లు అవే. అరక్షణం ఆలస్యమైతే ముందు సైకిలును గుద్దుకుంటాము.

దీనికి ఉపాయం ఖరీదైన దుస్తులు కాదు. మా విద్యార్థులలో అటువంటివి కొనగలవారు తక్కువ. నూలు బనియను చెమటను పీల్చి తడిగా ఒంటికి అంటుకుంటుంది. దానిపై ఎంత మందపు స్వెటరు వేసినా లోపలి తడి లోపలే ఉంటుంది. ఆటల పోటీలలో పిల్లలు తొడుక్కునే పాలిస్టరు బనియను దీనికంటే మేలు, త్వరగా ఆరుతుంది. పైన పాతదైనా ఉన్ని స్వెటరు ఉంటే మంచిది. ఉన్ని తన పోగుల నడుమ గాలిని నిలుపుకొని, కొంత తడిసినా వెచ్చదనాన్ని పూర్తిగా కోల్పోదు. చెవులకు మఫ్లరు, చేతులకు తొడుగులు లేకపోతే రెండు జతల మేజోళ్లు. అన్నింటికంటే ముఖ్యమైనది, పాలిథీన్ సంచిలో మడిచి పెట్టుకున్న ఒక పొడి చొక్కా. ఆగిన వెంటనే తడి చొక్కా మార్చుకున్నవాడు ఆ రాత్రిని గెలిచినట్టే.

మరొక ఉపాయం వార్తాపత్రిక. రొమ్ముపై, స్వెటరు కింద, నాలుగు మడతలు పెట్టిన పత్రికను దోపుకుంటే ఎదురుగాలి లోపలికి రాదు. కొండ దారులలో దిగువకు దూసుకుపోయే యూరపు సైకిలు వీరులు కూడా ఈ పని చేసేవారు. మా ఉర్దూ అధ్యాపకులు ఉర్దూ దినపత్రికను, మేము తెలుగు దినపత్రికను దోపుకున్నాము. గాలిని ఆపటంలో రెండు భాషలూ సమానమేనని దారిలో ఇద్దరం ఏకాభిప్రాయానికి వచ్చాము. తెలుగు పత్రికకు పేజీలు ఎక్కువ గనుక మేము కొంత లాభపడ్డామని ఆయన ఫిర్యాదు.

ఇక సైకిళ్ల విషయం. గత సంవత్సరం చైను తెగిన ఆ విద్యార్థి తండ్రి ఆటోనగరులో మెకానిక్కు. ఈ సంవత్సరం కుమారుని మళ్లీ పంపుతూ ఆయన పెట్టిన షరతు ఒక్కటే, అన్ని సైకిళ్లనూ ముందు తనకు చూపించాలని. శుక్రవారం నమాజు తరువాత కళాశాల ఆవరణలో పదిహేడు సైకిళ్లనూ వరుసగా తలక్రిందులుగా నిలబెట్టించి, ప్రతి చక్రాన్నీ తిప్పి, చెవి దగ్గరగా పెట్టి విన్నాడు. బ్రేకు రబ్బర్లను గోటితో గీకి చూశాడు. రెండింటిని పక్కకు తీయించి, "ఇవి బజారుకు పోను బాగుంటాయి సార్, బందరుకు కాదు" అన్నాడు. అందులో ఒకటి మాది. మేము ఇరవై సంవత్సరాలుగా నమ్ముకున్న వాహనాన్ని ఆయన ఒక్క మాటతో తోసివేశాడు. మరునాడు మా మేనల్లుని సైకిలును అడిగి తెచ్చుకున్నాము.

దీపాల గురించి కూడా ఇక్కడే చెప్పాలి. పాత డైనమో దీపం చక్రం తిరిగినంతసేపే వెలుగుతుంది. ఆగితే ఆరిపోతుంది. రహదారి పక్కన ఆగి ఉన్నప్పుడే మనం వెనుకవారికి కనబడవలసిన అవసరం ఎక్కువ. అందుచేత బ్యాటరీతో వెలిగే ఎర్ర దీపం ప్రతి సైకిలుకూ వెనుక ఉండాలని కమిటీ షరతు పెట్టింది. తల్లిదండ్రుల లిఖిత అంగీకారం, మందుల పెట్టె, వెంట ఒక వాహనం మిగిలిన షరతులు. మా పూర్వ విద్యార్థి ఒకరు తన మినీ లారీని ఇచ్చి, తానే నడుపుతూ మా వెనుక వచ్చారు.

రాత్రి పది గంటలకు బయలుదేరాము. నగరంలో బందరు రోడ్డు వెంట వెళ్లే గంటసేపు చలి లేదు. భవనాలు, తారు, సిమెంటు పగటి వేడిని ఇంకా వదులుతూనే ఉన్నాయి. కంకిపాడు దాటి పొలాలు మొదలయ్యాక ఒక్కసారిగా చలి మీదకు వచ్చింది. వరి కోతలు పూర్తయిన మాగాణుల్లో మినుము పచ్చగా పెరిగి ఉంది. నేల ఇంకా చెమ్మగానే ఉంది. మేఘం లేని రాత్రి కాబట్టి నేలలోని వేడి అడ్డు లేకుండా ఆకాశానికి పోతుంది. నేల చల్లబడితే దానిని తాకిన గాలీ చల్లబడుతుంది. బరువెక్కిన ఆ చల్లని గాలి పల్లపు చోట్లకు దిగి నిలుస్తుంది. వంతెన ఎక్కినప్పుడు కొద్దిగా వెచ్చగా, దిగినప్పుడు నీళ్లలో దిగినట్టుగా అనిపించటం మేమందరమూ గమనించాము. వెన్నెల ఎంత నిర్మలంగా ఉంటే చలి అంత ఎక్కువ అన్నమాట. పౌర్ణమి రాత్రిని కోరుకున్నవారము మేమే గనుక ఎవరినీ నిందించటానికి లేదు.

ఈ దారి పాతది. కృష్ణపై ఆనకట్ట 1855లో పూర్తయిన తరువాత బందరు కాలువ నీటి పారుదలకే గాక పడవల రాకపోకలకు కూడా ఉపయోగపడింది. ఒకప్పుడు జనం రాత్రంతా పడవలో నిద్రపోతూ బందరు వెళ్లేవారు. ఇప్పటి రహదారి నాలుగు వరుసలుగా విశాలమైనది. విశాలమైన కొద్దీ వాహనాల వేగం పెరిగింది. సైకిలుకు ఆ అంచు తెల్లగీతకు ఎడమవైపున ఉన్న జాగాయే ఆధారం.

పదిహేడుగురు వెళ్లే పద్ధతి ఇది. అందరికంటే ముందు దారి తెలిసినవాడు ఒకడు. అతనిని ఎవరూ దాటరాదు. అందరికంటే వెనుక మరొకడు. అతడు ఎవరినీ దాటరాదు. ఈ ఇద్దరి నడుమ ఎవరు ఎక్కడైనా ఉండవచ్చు. వెనుకవాని దగ్గర ఈల ఉంటుంది. ఈల వినగానే అందరూ ఆగాలి. మలుపు వచ్చిన ప్రతిచోట ఒకరు నిలబడి, వెనుకవాడు కనబడేవరకు కదలరాదు. దాదాపు పది కిలోమీటర్లకు ఒకసారి ఆగటం, తలలు లెక్కపెట్టటం. చూడటానికి చిన్నపిల్లల ఆటవలె ఉంటుంది. మొదటి గంటలో డిగ్రీ విద్యార్థులు కొందరు దీనిని చూసి నవ్వారు కూడా. ఆ వెనుక కాపు స్థానాన్ని గత సంవత్సరం ఒంటరిగా నడిచిన బాలుడే అడిగి తీసుకున్నాడు. తెల్లవార్లూ ఎవరు మార్చుకుంటామన్నా ఇవ్వలేదు.

చలికీ ఈ పద్ధతికీ నడుమ ఒక వైరుధ్యం ఉంది. నెమ్మదిగా వచ్చేవాని కోసం ఆగి నిలబడితే ముందువారు చల్లబడిపోతారు. ఆగకపోతే వెనుకవాడు ఒంటరి అవుతాడు. వేగంగా పోయి ఆగి, మళ్లీ వేగంగా పోయి ఆగేవాడు ప్రతిసారీ చెమటతో తడిసి ప్రతిసారీ వణకుతాడు. పైగా ముందువాడు పావుగంట విశ్రాంతి పొంది, వెనుకవాడు రాగానే "ఇక పదండి" అంటాడు. ఎక్కువ అలసినవానికి అసలు విశ్రాంతే దక్కదు. దీనిపై ఉయ్యూరు దగ్గర పెద్ద వాదమే జరిగింది. ఇద్దరు విద్యార్థులు, "ఇంత నిదానంగా తొక్కితే మాకు చలేస్తోంది సార్, ముందు పోయి బందరులో ఉంటాము" అన్నారు. వారి మాటలో అబద్ధం లేదు. బలవంతునికి నిదానం చలి కలిగిస్తుంది.

పరిష్కారం మా భౌతికశాస్త్ర అధ్యాపకులు చెప్పారు. ఆ ఇద్దరి క్యారియర్లపైకి సామానులు, నీళ్ల డబ్బాలు, గాలి పంపు, పంక్చరు సామగ్రి అన్నీ మార్చారు. అందరికంటే బలహీనమైన విద్యార్థిని ముందు నడిచేవాని వెనుక రెండవ స్థానంలోకి తెచ్చారు. ఇప్పుడు వేగాన్ని నిర్ణయించేవాడు అతడే. ఆగవలసిన అవసరాలు తగ్గాయి. ఎవరికీ చెమట కారలేదు, ఎవరూ చల్లబడలేదు. ముందు సైకిలు వెనుక నడిస్తే గాలి దెబ్బ తగ్గుతుందని పందేలలో చెబుతారు గాని, మా వేగానికి ఆ లాభం స్వల్పమే. అయినా ఎదుట ఒక ఎర్ర దీపం సమంగా కదులుతూ ఉంటే కాలు దానంతట అదే తిరుగుతుంది. బరువు మోసిన ఆ ఇద్దరికి చలి కూడా తగ్గింది. తరువాత వారు ఆ విషయం ఎత్తలేదు.

ఉయ్యూరు దగ్గర ఉండగానే చంద్రుడు దాదాపు నడినెత్తికి వచ్చాడు. మేము తూర్పు ఆగ్నేయంగా పోతున్నాము గనుక అక్కడినుండి చంద్రుడు మా వెనుకకు వాలటం, మా నీడలు మా ముందు సాగటం మొదలైంది. తెల్లవారుజాముకు ఎవరి నీడ వారికంటే ముందు బారెడు పొడవున పరుగెత్తుతూ ఉంది.

పామర్రు కూడలి చేరేసరికి రెండు గంటలైంది. ఎడమకు గుడివాడ దారి, కుడికి కూచిపూడి దారి. అక్కడ తెరచి ఉన్న టీ దుకాణం ముందు ఆగాము. ఇక్కడే మేము భయపడిన సంఘటన జరిగింది. బి.కాం. మొదటి సంవత్సరం విద్యార్థి ఒకడు తల్లి అల్లిన మందపాటి స్వెటరును నూలు చొక్కాపై వేసుకొని వచ్చాడు. లోపల చొక్కా పిండితే నీళ్లు కారేలా ఉంది. పొడి చొక్కా తెచ్చుకోలేదు. టీ గ్లాసు పట్టుకుంటే సగం చేతిమీద ఒలికింది. వణుకు మంచిదే. కండరాలు పని లేకుండానే పని చేసి వేడి పుట్టించే ఉపాయం అది. వణుకు తగ్గకుండా మాట తడబడటం, అడిగినదానికి సంబంధం లేని జవాబు రావటం, లేదా తడిసి అలసిన మనిషికి వణుకు హఠాత్తుగా ఆగిపోయి మందకొడితనం కమ్ముకోవటం ప్రమాద సూచనలు. మంచు కురిసే దేశాలలోనే ఇవి వస్తాయనుకోరాదు. తడి, గాలి, అలసట, ఆకలి ఒకచోట కలిస్తే మన దేశపు చలిలో కూడా మనిషి కూలబడగలడు. అతనిని గాలి తగలని చోట కూర్చోబెట్టి, మా పొడి చొక్కా తొడిగి, చక్కెర ఎక్కువ వేసిన టీ రెండు గ్లాసులు, అరటిపండ్లు ఇచ్చి, మినీ లారీ ముందు సీటులో ఎక్కించాము. అతడు ఎక్కనన్నాడు. లారీ ఎక్కినవానిని ఎవరూ ఎగతాళి చేయరాదన్న నియమాన్ని బయలుదేరక ముందే పెట్టుకున్నాము. ఆ నియమం లేకపోతే అతడు ఎక్కి ఉండేవాడు కాదు. బందరులో దిగి మిగిలిన దూరం తొక్కాడు.

పామర్రు తరువాత పొగమంచు. చెమ్మగల పొలాలపై గాలి ఆడని స్వచ్ఛమైన రాత్రులలో, నేలను అంటుకున్న గాలి చల్లబడి తనలోని ఆవిరిని మోయలేక సన్నని బిందువులుగా విడుస్తుంది. వెన్నెల ఆ తెరలో పడి పాలవలె తెల్లగా వ్యాపిస్తుంది గాని దారి కనబడదు. అటువంటి చోట దీపంలేని ట్రాక్టరు ఒకటి వరిగడ్డి వేసుకొని మా ముందు పోతూ కనిపించింది. కనిపించింది అనటం కంటే, గడ్డివాము వాసన ముందు వచ్చింది అనటం నిజం. ముందున్నవాడు నిదానంగా పోతున్నాడు గనుక ఆపగలిగాడు. ఈల మోగింది, అందరమూ ఆగాము. గంటకు పాతిక కిలోమీటర్ల వేగంతో ఎవరైనా ఒక్కరు ఒంటరిగా ముందు పోయి ఉంటే ఏమయ్యేదో ఆ తరువాత కొంతదూరం ఎవరూ మాట్లాడలేదు గాని అందరమూ అదే తలచుకున్నాము.

రెండు గంటలకూ ఐదు గంటలకూ మధ్య కాలం కష్టమైనది. వెలుపలి చలి పెరుగుతున్న సమయంలోనే శరీరపు సహజ ఉష్ణం కూడా రోజంతటిలో కనిష్ఠ స్థాయికి దిగుతుంది. నిద్ర మీదకు వచ్చేదీ అప్పుడే. కాబట్టి ఆ గంటలలో పక్కవానితో మాట్లాడుతూ ఉండాలి. మాటలు కరువైతే ఎక్కాలు అప్పజెప్పుకోవాలి. మా వెనుక ఇద్దరు విద్యార్థులు పదమూడవ ఎక్కం దగ్గర చాలాసేపు తగవులాడుకున్నారు.

నాలుగుంపావుకు బందరు. ఈ ఊరిని గురించి విద్యార్థులు తెలుసుకోవలసినది చాలా ఉంది. గోలకొండ సుల్తానుల కాలంలో మచిలీపట్నం వారి రాజ్యానికి ప్రధాన రేవు. ఇక్కడి అద్దకపు వస్త్రాలు పారశీక దేశానికి ఓడలెక్కాయి, హజ్ యాత్రికులు ఇక్కడినుండి అరేబియా వైపు బయలుదేరారు. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి వచ్చిన తుఫాను ఉప్పెనలో ఈ ప్రాంతంలో సుమారు ముప్పై వేలమంది మరణించారు. నిద్రపోతున్న వీధులలో మా గొలుసుల చప్పుడు తప్ప మరేమీ లేదు. అక్కడినుండి మంగినపూడి సుమారు 11 కిలోమీటర్లు.

ఊరు దాటాక వెనుకనుండి మెల్లని గాలి తగిలింది. రాత్రివేళ నేల త్వరగా చల్లబడుతుంది, సముద్రం చల్లబడదు. నీటిని వేడెక్కించటానికి అదే బరువు గల ఇసుకకంటే సుమారు ఐదు రెట్లు వేడి కావాలి. చల్లబడేటప్పుడూ అంతే నిదానం. పైగా సముద్రపు నీరు ఎప్పుడూ కలియబడుతూ ఉంటుంది. సముద్రంపైన వెచ్చని గాలి పైకి లేస్తే, నేలపై చల్లగాలి ఆ ఖాళీలోకి సాగిపోతుంది. పగలు ఇది తలక్రిందులవుతుంది. తెరచాపల కాలంలో మన తీరపు బెస్తలు ఈ రెండు గాలులనూ నమ్ముకొనే వేకువకు ముందు లోపలికి వెళ్లి, మధ్యాహ్నం తిరిగి వచ్చేవారు. మేము ఎరగకుండానే వారి వేళకు వారి గాలిలో పడ్డాము.

ఐదున్నరకు సముద్రం. మంగినపూడి ఒడ్డు నల్లని మట్టి. నీరు చాలా దూరం లోతు లేకుండా ఉంటుంది. ఒక విద్యార్థి పాంటు పైకి మడిచి నీటిలో కాలు పెట్టి, వెంటనే కేక వేశాడు. చల్లగా ఉందని కాదు, వెచ్చగా ఉందని. నిజంగానే వెచ్చగా ఉంది. జనవరిలో ఇక్కడ బంగాళాఖాతపు నీరు సుమారు 26 డిగ్రీలు ఉంటుంది. రాత్రంతా చలిగాలిలో మొద్దుబారిన చేతులకు అది కాచిన నీటివలె తోచింది. అందరూ చేతులు ముంచి కూర్చున్నారు. సముద్రజలంతో వుజూ చెల్లుతుంది. ఇంత వెచ్చని నీటితో పుష్య మాసపు ఫజర్‌కు వుజూ చేయటం మాకు అంతకుముందు ఎరుకలో లేదు. నమాజుకు నిలబడినప్పుడు సముద్రం మా వెనుకకు, పడమట వాలుతున్న నిండు చంద్రుడు దాదాపు మా ఎదుటకు వచ్చారు. మిగిలిన విద్యార్థులు ఆ సమయంలో చితుకులు ఏరి మంట వేశారు.

సూర్యోదయం ఆరు ముప్పావు ప్రాంతంలో. వెలుగు వచ్చింది గనుక చలి తగ్గుతుందని పిల్లలు ఆశపడ్డారు. తగ్గలేదు, పెరిగింది. సూర్యుడు ఇచ్చే వేడి, నేల కోల్పోయే వేడిని మించేవరకు ఉష్ణోగ్రత దిగుతూనే ఉంటుంది. అందుచేత రోజులో అత్యంత శీతల సమయం సూర్యోదయం దాటిన కొద్ది నిమిషాల వరకు ఉంటుంది. మంట చుట్టూ చేరి, తెచ్చుకున్న రొట్టెలు తిన్నాము.

తిరుగు ప్రయాణంలో సైకిలు ఎక్కరాదు. నిద్రలేని మనిషి పగటి రద్దీలో తనకూ ఇతరులకూ ప్రమాదకారి. మధ్యాహ్నపు సముద్రపు గాలి వెనుకనుండి తోస్తుందని కొందరు ఊరించినా మేము ఒప్పుకోలేదు. సైకిళ్లను మినీ లారీలోకి ఎక్కించి, మేము బస్సులో వచ్చాము.

ఒక విషయం మిగిలింది. సోమవారం తరగతిలో ఈ విశేషాలు చెబుతూ ఉంటే విద్యార్థినులలో ఒకరు లేచి, "నియమాలన్నీ ఇంత బాగా ఉన్నప్పుడు మాకెందుకు అనుమతి లేదు సార్?" అని అడిగారు. రాత్రి గనుక, అన్నాము. "అయితే తెల్లవారి నాలుగింటికి బందరులో బయలుదేరి పదకొండు కిలోమీటర్లు వెళ్లవచ్చు కదా, మా అమ్మలు కూడా వస్తారు" అన్నారు. మా దగ్గర జవాబు లేదు. ఈ ప్రశ్నను ఉన్నది ఉన్నట్టుగా కమిటీ పెద్దల ముందు ఉంచుతున్నాము.

ఆదివారం మధ్యాహ్నం లారీ కళాశాలకు వచ్చేసరికి ఆటోనగరు మెకానిక్కు గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. కుమారుని భుజం తట్టి, లారీ ఎక్కి సైకిళ్లను ఒక్కొక్కటిగా తానే దింపాడు. దింపుతూ పైకి వినబడేలా లెక్కపెట్టాడు. పదిహేడు. తరువాత మేము తొక్కిన సైకిలు వెనుక చక్రాన్ని ఒకసారి తిప్పి చూసి, మూడు స్పోకులు వదులయ్యాయని, గుంటలు చూసుకొని తొక్కాలని మమ్మల్ని మందలించాడు.